ముట్టుకుంటే తెలిసే చరిత్ర

(మార్కాపురంలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గడిచిన వేసవిలో మేము మార్కాపురం, కంభం, గిద్దలూరు పిల్లలను హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్లాం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితకాలమంతా సేకరించిన వస్తువులవి. 1951లో ప్రజల దర్శనార్థం తెరిచారు. సంగీత గడియారం ముందు పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టగానే చప్పట్లు మోగాయి. ఆ తర్వాత ఖడ్గాలు, పచ్చరాతి పాత్రలు, చేతిరాత ఖురాన్ ప్రతులు, అన్నీ అద్దాల వెనుకే. అంత విలువైనవి అలా ఉండవలసిందే, దానికి ఎవరినీ తప్పుపట్టలేం.

తిరుగు ప్రయాణంలో పదకొండేళ్ల అమ్మాయి ఒకతె అడిగింది: "తాతా, అయ్యన్నీ నవాబులయి గదా. మనోళ్లయి ఏమీ లేవా?"

మాలో చాలామందిమి ఆఫీసుల్లో గుమాస్తాలుగా చేసి రిటైరైన వాళ్లం. కాగితం మీద లేనిది లేనట్టే లెక్క అనేది మాకు అలవాటైన సూత్రం. ఆ రాత్రి బస్సులో ఆ సూత్రం మమ్మల్నే ఇబ్బంది పెట్టింది. పుస్తకాల్లో, టీవీ చర్చల్లో ముస్లిం అంటే కత్తి పట్టినవాడు, కాకుంటే కోట కట్టినవాడు. దూది ఏకినవాడు, పలక చెక్కినవాడు ఎక్కడా కనిపించడు. ఈ నేలలో మీ వాటా ఏదని రేపెవరైనా ఆ అమ్మాయిని నిలదీస్తే, నవాబుగారి గడియారాన్ని చూపించమంటామా? పైగా మన ప్రాంతం 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసింది. అక్కడా ఇక్కడా మనది చివరి పేజీయే.

పిల్లలు ముట్టుకుని నేర్చుకునే మ్యూజియం కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలోని బ్రూక్లిన్‌లో 1899లోనే పిల్లల కోసం ప్రత్యేకంగా మ్యూజియం పెట్టారు. మాకు అంత స్తోమత లేదు. ఒక ఆదివారం షాదీఖానా వరండాలో చాప పరిచి, ఇళ్లలో అడిగి తెచ్చిన వస్తువులను దాని మీద ఉంచాం. 'దయచేసి ముట్టుకోండి' అని అట్ట మీద రాసి గోడకు తగిలించాం.

మొదటిది దూది ఏకే విల్లు. మనిషెత్తు కొయ్య, దానికి బిగించిన నరం, నరాన్ని మీటే కొయ్య పిడి. ఆ దెబ్బలకే దూది విడిపోయి మెత్తబడేది. తరతరాలుగా ఈ పని చేసినందుకే నూర్‌బాషాలకు దూదేకులవారన్న పేరు వచ్చింది. ఊళ్లో ఏ కులంవారి ఇంట పెళ్లయినా పరుపూ దిండూ ఆ విల్లు కిందినుంచి వచ్చినవే. యంత్రాలు వచ్చాక విళ్లు అటకెక్కాయి. మేము తెచ్చినదానికి నరం తెగిపోయి ఉంది. అయినా పిల్లలు దాన్ని వంతులవారీగా భుజానికెత్తుకుని బరువు చూశారు.

రెండవది పలక. మన నల్లమల అంచుల్లోని ఈ రాతి వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైబడినది. క్వారీ రాతిని ఉలితో పొరలుగా చీల్చి, కొలతకు కోసి, అరగదీసి, కొయ్య చట్రం బిగిస్తే పలక అయ్యేది. పిల్లలకు చిన్న ముక్కలిచ్చి, పొర ఎలా ఊడుతుందో పెద్దల సాయంతో చేయించాం. చేతులన్నీ ధూళి. ఒకప్పుడు ఆ ధూళిలో పిల్లలే పనిచేసేవారు. 1987 జాతీయ బాలకార్మిక విధానం కింద ప్రాజెక్టులకు ఎంచుకున్న పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది.

పదేళ్ల వయసులో చట్రాలు బిగించిన పెద్దాయన ఒకరు ఆరోజు మాతో కూర్చున్నారు. ఒక పిల్లవాడు పలక తిప్పిచూస్తూ, "మీరు దేని మీద రాసేవారు?" అని అడిగాడు.

"రాయలేదు నాయనా. లెక్కపెట్టి కట్టలు కట్టేవాణ్ణి" అన్నారాయన.

పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. సాలార్‌జంగ్‌లో మూడు గంటలు తిప్పినా రాని ప్రశ్నలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. కూలి ఎంత, దెబ్బ తగిలితే ఎవరు చూసేవారు, బడికి ఎందుకు పంపలేదు అని.

మన పేదరికాన్ని పిల్లలకు ప్రదర్శించడం ఎందుకని కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. వారి బాధ మాకు అర్థమవుతుంది. కాని ఆరోజు తాత పక్కన కూర్చున్న మనవడు సిగ్గుపడలేదు. ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ల మీది కాయలు తడిమి చూశాడు.

అందుకే ఈ సభలో మా విన్నపం. అటక మీది విల్లును, ఉలిని, పాత చట్రాన్ని పాతసామాన్ల వారికి వెయ్యకండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఒక్కరోజు అరువివ్వండి, రసీదు రాసిస్తాం. ప్రభుత్వ పాఠశాలలో ఒక్క గది ఇప్పించమని అర్జీ తయారుచేశాం. సంతకాలు చేసేటప్పుడు అన్ని మతాల తల్లిదండ్రులనూ కలవండి. చట్రాలు బిగించిన పిల్లల్లో అందరి పిల్లలూ ఉన్నారు.

విల్లుకు నరం బిగించడం తెలిసినవారు గిద్దలూరు దగ్గర ఒకరున్నారని తెలిసింది. ఎనభై దాటిన మనిషి. వచ్చే ఆదివారం ఆటోలో విల్లు పట్టుకుని వెళ్తున్నాం. ముగ్గురు పిల్లలు పేర్లిచ్చారు, ఇంకా ఇద్దరికి చోటుంది.