చెయ్యి అందించండి, పని లాక్కోకండి

(ములకలపల్లి మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో వికలాంగుల సంఘం సభ్యురాలి ప్రసంగ పాఠం)

కూర్చుని మాట్లాడుతున్నా, ఏమనుకోవద్దు. నిలబడితే ధ్యాసంతా కర్రల మీదే ఉంటది.

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. 2014లో మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది గానీ, అంతకుముందు దాని బారిన పడ్డ మాలాంటి వాళ్లం ఇంకా ఊళ్లల్లో ఉన్నాం. చెట్టు మీద నుంచి పడి నడుం విరిగినోళ్లు, పక్షవాతం వచ్చినోళ్లు కూడా ఉన్నారు.

మా అమ్మ నన్ను ముప్పై ఏళ్లు కాలు కింద పెట్టనీయలేదు. "నీకెందుకు బిడ్డా, నేను చేస్తా కదా" అనేది. ఒకసారి అమ్మ జ్వరంతో పది రోజులు ఆస్పత్రిలో ఉంది. నాకు పొయ్యి అందలేదు. బిందె వంచుకోలేకపోయాను. బయటికి తీసుకుపొమ్మని పక్కింటోళ్లను అడగలేక నీళ్లు తాగడమే తగ్గించాను. కాళ్లు లేనందుకు కాదు, పని రానందుకు ఆ రోజుల్లో ఏడ్చాను.

అమ్మ వచ్చాక ఇల్లు మార్చుకున్నాం. పీట మీద కూర్చుంటే అందేలా పొయ్యి కిందికి దించాం. బిందెకు బదులు కుళాయి ఉన్న డ్రమ్ము పెట్టాం. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా పట్టుకోవడానికి తమ్ముడు వెదురు కట్టాడు. గట్టి కుర్చీకి మధ్యలో రంధ్రం కోసి దొడ్డి మీద వేశాం. కర్రల అడుగున రబ్బరు అరగ్గానే మారుస్తాను, లేకుంటే తడి నేల మీద జారుతుంది. మొదటిసారి అన్నం వండితే అడుగంటింది. అమ్మ గడప బయటే కూర్చుంది, లోపలికి రాలేదు. ఆ రోజు నాకన్నా ఆమెదే పెద్ద కష్టం.

నడుం కింద స్పర్శ లేని వాళ్లు ఇంకొన్ని నేర్చుకోవాలి. కూర్చున్నప్పుడు పావుగంటకోసారి చేతుల మీద ఒళ్లు ఎత్తాలి. పడుకుంటే రెండు గంటలకోసారి పక్క మారాలి. రోజూ అద్దంతో వెనక చర్మం చూసుకోవాలి. ఎర్రగా కనిపిస్తే ఆ చోట బరువు పెట్టొద్దు, పుండు పడుతుంది. వేడి నీళ్లు మోచేత్తో చూశాకే కాళ్ల మీద పోసుకోవాలి.

"చేతులు కూడా ఆడని వాళ్ల సంగతేంది?" అని అడుగుతారు. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయనకు పోలియోతో మెడ కింద దాదాపు అంతా పడిపోయింది. అయినా 1972లో బర్క్‌లీ ఊళ్లో తనలాంటి వాళ్లతో కలిసి స్వతంత్ర జీవన కేంద్రం పెట్టాడు. పని ఇంకొకరు చేసినా సరే, ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎక్కడికి పోవాలి అన్నది నేనే చెప్తా అన్నదే వాళ్ల పద్ధతి. అంటే మంచంలో ఉన్న మనిషికి కూడా నేర్పాల్సింది ఉంది: అడగడం, వద్దనడం, తన డబ్బు లెక్క తాను చూసుకోవడం.

అందుకే సంఘాలను మూడు కోరుతున్నాను. ఒకటి, మీటింగ్ మెట్లు లేని చోట పెట్టండి. నా బదులు అమ్మ సంతకం పెడితే నేను సభ్యురాలిని ఎట్లైతాను? రెండు, 2023లో మా పింఛను 4,016 రూపాయలైంది. ఆ పాస్‌బుక్కు మా చేతిలోనే ఉండనివ్వండి. మూడు, వికలాంగుల సంఘానికి ఐదుగురు చాలు, మగవాళ్లూ చేరొచ్చు. మీ ఊళ్లో ఎవరున్నారో ఇంటింటికీ పోయి అడగండి. పేదరిక నిర్మూలన పథకాల్లో మాకు 5 శాతం వాటా ఉండాలని, అందులో మహిళలకు ముందు ఇవ్వాలని 2016 చట్టం చెప్తోంది. గ్రామ సంఘం రుణ ప్రణాళిక రాసేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోండి.

చివరగా తల్లులకు ఒక మాట. "నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు" అని రాత్రిళ్లు మీరు ఏడవడం మాకు వినిపిస్తది. మీరుండగానే నేర్పండి. అన్నం మాడినా పర్వాలేదు, గడప బయట కూర్చోండి.