పాత రివాల్వరు: న్యాయమైన వెల



సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని కొమ్ములకు పూసిన రంగును చూచి వెల కట్టడు. నోరు తెఱచి పళ్లు లెక్కించును. మెడ తడవి కాడి కాచిన చోటు చూచును. నాలుగడుగులు నడిపించి కాళ్లు పరీక్షించును. ఈ వివేకమును మన రైతులకు వేఱొకరు నేర్పనక్కఱలేదు. కాని లైసెన్సుతో కూడిన పాత రివాల్వరొకటి అమ్మకమునకు వచ్చినప్పుడు, అంతటి వివేకవంతులును దాని మెఱుగును, గొట్టముపై చెక్కిన కంపెనీ పేరును చూచి వెల చెప్పుట నేనెఱుగుదును. అట్టి వస్తువునకు న్యాయమైన వెలను నిర్ణయించు విధమును నేడు మనవి చేసెదను.

ఇది కేవలము డబ్బునకు సంబంధించిన మాట కాదు. ఇంటి పెద్ద గతించును. ఆయన రివాల్వరు మిగులును. ఇంటివారికి దాని వెల తెలియదు. వచ్చినవాడు చెప్పినంతకు ఇచ్చివేయుదురు, లేదా ఎవరును కొనలేని వెల చెప్పి ఏండ్ల తరబడి త్రుప్పు పట్టనిత్తురు. కొనువాని కష్టము మఱొక విధమైనది. లోపల అరిగిపోయిన ఆయుధమును మంచిదని నమ్మి కొన్నవాడు డబ్బుతో పాటు చేతిని, కంటిని కూడ పందెమొడ్డినవాడగును. ఇట్టి బేరములలో మధ్యవర్తులుగా కూర్చుండువారు మీరే కనుక ఈ మాటలు మీతోనే చెప్పవలసియున్నది.

మొదట చూడవలసినవి కాగితములు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము అమ్మువానికిని, కొనువానికిని లైసెన్సుండవలెను. ఆయుధముపై చెక్కిన సంఖ్య లైసెన్సులోని సంఖ్యతో ఒక్క అంకెయైనను తేడా లేక సరిపోవలెను. స్వంతమునకుంచుకొన్న ఆయుధమును అమ్మదలచినవాడు, కొనువాని పేరును చిరునామాను తెలుపుచు, జిల్లా మెజిస్ట్రేటునకు గాని సమీపమున నున్న పోలీసు ఠాణా అధికారికి గాని వ్రాతమూలముగా తెలియజేసి, 45 దినములు గడచిన పిదపనే దానిని అప్పగింపవలెను. 2019లో జరిగిన సవరణ వలన ఒక్కొక్కరికి రెండు తుపాకులకు మించి యుండరాదు. లైసెన్సుదారుడు మరణించినచో వారసులు ఆలస్యము చేయక ఆయుధమును పోలీసు ఠాణాలో గాని లైసెన్సు గల వర్తకుని యొద్ద గాని ఉంచవలెను. అక్కడ నుండియే దానిని అమ్ముకొను హక్కు వారికి గలదు.

ఇందు మఱొక మెలిక గలదు. .38, .455 బోరు రివాల్వర్లు మన దేశమున నిషిద్ధ తరగతికి చెందినవి; సామాన్య లైసెన్సుపై దొరకునది .32 బోరు. 1915లో ఆంగ్ల సైన్యమునకు వచ్చిన వెబ్లీ ఆఱవ మార్కు ఎంత పేరుపొందినదైనను .455 బోరుది. కావున ఆ పేరు చెప్పి సామాన్య లైసెన్సుదారునికి బేరము పెట్టువాని మాట వినరాదు. కాగితములు సరిగా లేని ఆయుధమునకు తక్కువ వెల యని లేదు. అసలు వెలయే లేదు.

కాగితములు సరిపోయిన పిమ్మట ఆయుధమును చేతికి తీసికొనవలెను. అమ్మువాడే దానిని తెఱచి, గదులన్నియు ఖాళీగా నున్నట్లు చూపవలెను. మీరును మరల చూడవలెను. గొట్టమును ఎల్లవేళల మనుష్యులు లేని వైపునకే త్రిప్పి యుంచవలెను.

రివాల్వరునకు ప్రాణము దాని తిరుగు చక్రము. సుత్తిని వెనుకకు లాగినప్పుడెల్ల చక్రము ఒక గది చొప్పున తిరుగును. ఆ గది గొట్టమునకు సరిగా ఎదురుపడినంతనే అడుగు నుండి చిన్న మీట యొకటి లేచి చక్రమును బిగించును. ఈ బిగింపు అరిగినచో గది ఒక ప్రక్కకు, గొట్టము మఱొక ప్రక్కకు నిలుచును. అప్పుడు సీసపు గుండు గొట్టము అంచునకు ఒరసికొని, దాని తునకలు ప్రక్కలకు చిమ్మును. కావున సుత్తిని మెల్లగా వెనుకకు లాగి, అది పూర్తిగా నిలుచులోపల చక్రము బిగిసినదా లేదా యని ప్రతి గదికిని వేఱువేఱుగా చూడవలెను. ఒక గది బాగుండుట చూచి తక్కినవియు బాగుండునని యెంచరాదు. పిదప ట్రిగ్గరును నొక్కిపట్టి, సుత్తిని బొటనవ్రేలితో ఆపుచు మెల్లగా దింపి, ట్రిగ్గరును వదలకయే చక్రమును కదలించి చూడవలెను. ప్రక్కలకు కొద్దిపాటి కదలిక సహజము; గలగలలాడుట రోగము. ముందువెనుకలకు ఊగుటయు అట్టిదే. సుత్తిని ఎక్కుపెట్టి బొటనవ్రేలితో ముందునకు త్రోసినప్పుడు అది జారి పడినచో, ఆ ఆయుధమును మరమ్మతు కానిదే ఎవరును వాడరాదు.

తరువాత గొట్టము. తూటాలు లేవని మఱొకసారి చూచుకొని, వెలుతురునకు ఎదురుగా పట్టినచో లోపలి మెలిగాడులు స్పష్టముగా కనబడవలెను. నల్లని గుంటలున్నచో త్రుప్పు తిన్నదని అర్థము. నడుమ ఉంగరము వంటి నీడ కనబడినచో ఎప్పుడో గొట్టము ఉబ్బినదని తెలిసికొనవలెను. మడత తీసి తెఱచు వెబ్లీ తరహా వానికి కీలును, పైకొక్కెమును కూడ ఊపి చూడవలెను.

మెఱుగు విషయమున మనవారు మోసపోవుట అధికము. ఒరలో పెట్టి తీయుచుండగా అంచులయందు నలుపు పోయిన ఆయుధము నిజాయితీ గలది. క్రొత్తగా సానబట్టి రంగు వేసినదానికి అక్షరములు మసకబారి, అంచులు గుండ్రనై, మరల తలలు చెదరియుండును. అమెరికాలో .455 వెబ్లీలను పెక్కింటిని, వెనుకభాగము అరగదీసి, .45 తూటాలు పట్టునట్లు మార్చిరి. ఆ తూటాల ఒత్తిడి ఆ చక్రమునకు తగినది కాదు. అందుచే అక్కడ మార్చినదాని కంటె మార్చని ముతక వెబ్లీకే విలువ యెక్కువ. బాగుచేయుట వేఱు, మార్చుట వేఱు.

ఇక లెక్క. లోపము లేని వస్తువును మన పెద్దలు పదహారణాల వస్తువనుచుండిరి. అదే బోరుగల క్రొత్త రివాల్వరు వెలను దుకాణమున విచారించి, దానిని పదహారణాలుగా పెట్టుకొనుడు. ఒర రాపిడికి ఒక అణా తగ్గింపుడు. గొట్టమున కొద్దిపాటి గుంటలకు మూడు అణాలు తగ్గింపుడు. క్రొత్తది లక్ష రూపాయలనుకొన్నచో ఇట్టిదానికి 75,000 వచ్చును. చక్రము బిగువు తప్పినచో సగమునకు పైగా తగ్గింపవలెను; ఏలయనగా పాత విదేశీ ఆయుధములకు విడిభాగములు దొరకుట కష్టము. ఈ లెక్క నా అనుభవముపై చెప్పినదే కాని శాసనము కాదు.

విదేశీ ఆయుధముల దిగుమతి 1980ల నడుమ నుండి సామాన్యులకు నిలిచిపోయినందున, పేరుగల పాతవానికి కొందఱు క్రొత్తదాని కంటె అధికముగా నిత్తురు. అది అరుదునకు ఇచ్చు వెల. పనికి ఇచ్చునది కాదు. ఇచ్చువాడు ఆ సంగతి తెలిసి ఇచ్చిన తప్పు లేదు. తెలియక ఇచ్చుచున్నవానికి తెలుపుట మధ్యవర్తి ధర్మము.

కడపటి మాట. ఇంటి యజమానిని పోగొట్టుకొన్న ఆడుబిడ్డ అమ్మకమునకు వచ్చినప్పుడు, లైసెన్సు గల వర్తకులిద్దఱి యొద్ద వెల విచారించి ఆమెకు చెప్పుడు. వర్తకుడు తన లాభమును మినహాయించుకొనియే వెల చెప్పునని కూడ తెలుపుడు. కొనువానికి గొట్టములోని గుంటను మీరే చూపుడు. ఇరువురును అన్నియు తెలిసికొని ఒప్పుకొన్న వెలయే న్యాయమైన వెల.