మట్టి పేరు అడిగారా?

(ప్రపంచ నేల దినోత్సవం నాడు మందిర్ హసౌద్‌లో జరిగిన తెలుగు సిబ్బంది కుటుంబాల సమ్మేళనంలో ఒక వ్యవసాయ అధికారి చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు డిసెంబరు 5. 2014 నుంచి ఐక్యరాజ్య సమితి ఈ తేదీని ప్రపంచ నేల దినోత్సవంగా జరుపుతోంది. అందుకని భోజనాలకు ముందు కాసేపు మట్టి గురించి మాట్లాడమన్నారు. వంటింట్లోంచి వస్తున్న వాసనతో నేను పోటీ పడలేను కాబట్టి త్వరగానే ముగిస్తాను.

మనలో చాలామందిమి విజయనగరం వైపు నుంచి వచ్చే రైల్లోనే ఇక్కడికి వస్తాం. మహానది దాటి, ఆరంగ్ దాటి మందిర్ హసౌద్ వచ్చేలోపు కిటికీలోంచి ఎప్పుడైనా నేలను చూశారా? ఒకచోట ఎర్రటి గులకనేల. కాస్త పల్లానికి వస్తే పసుపుపచ్చ మట్టి. ఇంకా దిగితే నలుపు. అన్నింటిలోనూ వరే కనబడుతుంది కనుక అంతా ఒకే నేల అనుకుంటాం. బ్యాంకులో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఆ పొరపాటుకు వేరొకరు మూల్యం చెల్లించారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఈ బల్ల మీది నాలుగు పళ్ళాలు చూడండి. పొద్దున పిల్లలూ నేనూ కలిసి దగ్గరి పల్లెలో, ఒకే వాలులో, పైనుంచి కిందికి నడుస్తూ తెచ్చిన మట్టి ఇది. ఛత్తీస్‌గఢ్ రైతు వీటికి ఎప్పుడో పేర్లు పెట్టుకున్నాడు. గట్టు మీద ఉండే ఎర్రటి గులకనేల భాటా. దాని కింద పసుపురంగు తేలికనేల మటాసీ. ఇంకా కింద కాస్త జిగురు, కాస్త బూడిదరంగు ఉన్నది డోర్సా. అన్నింటికంటే పల్లంలో ఉండే నల్లటి జిగట నేల కన్హార్. బ్రిటిష్ కాలపు బందోబస్తు అధికారులు కూడా శిస్తు లెక్కలకు ఈ పేర్లనే వాడారు. నేటి శాస్త్రవేత్తలు స్థూలంగా భాటాను ఎంటిసాల్ అనీ, మటాసీని ఇన్సెప్టిసాల్ అనీ, డోర్సాను ఆల్ఫిసాల్ అనీ, కన్హార్‌ను వెర్టిసాల్ అనీ అంటారు. ఎకరం పొలం చుట్టూ నడిచే రైతూ, ప్రపంచమంతటి నేలలను 12 వర్గాలుగా విభజించిన శాస్త్రవేత్తా దాదాపు ఒకేచోట గీత గీశారన్నమాట.

ఈ కన్హార్ మనకు కొత్తదేమీ కాదు. మన నల్లరేగడికి స్వయానా చుట్టం. భూగోళం పుస్తకాల్లో పిల్లలు చదివే 'రేగూర్' అనే పేరు మన రేగడ అనే మాట నుంచి వెళ్ళిందే.

వెర్టిసాల్ అనిపించుకోవాలంటే నేల మూడు పరీక్షలు నెగ్గాలి. మొదటిది, పైనుంచి కనీసం 50 సెంటీమీటర్ల లోతు దాకా బంకమట్టి 30 శాతానికి తగ్గకూడదు. బంకమట్టి రేణువు అంటే 0.002 మిల్లీమీటరు కంటే చిన్నది. రెండోది, ఎండినప్పుడు పగుళ్ళు తెరుచుకుని, తడిసినప్పుడు మూసుకుపోతూ ఉండాలి. మూడోది, మీటరు లోతులోపు గొయ్యి తవ్వితే లోపల నున్నగా మెరిసే ఏటవాలు పలకలు కనబడాలి. ఉబ్బిన మట్టిగడ్డలు ఒకదానిమీద ఒకటి ఒరుసుకుని జారడం వల్ల ఆ నునుపు వస్తుంది.

ఈ ఉబ్బు ఎక్కడిది? నిన్న సాయంత్రం ఈ రెండు గాజు గొట్టాల్లో పదేసి గ్రాముల పొడి కన్హార్ మట్టి పోశాను. ఒకదానిలో నీళ్ళు, రెండోదానిలో కిరోసిన్. కిరోసిన్‌లో మట్టి పోసినంతే ఉంది. నీళ్ళలోది దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగింది. ఇంజనీర్లు కూడా నేల ఉబ్బును ఇలాగే కొలుస్తారు. ఈ మట్టిలో స్మెక్టైట్ అనే ఖనిజం ఉంటుంది. అది పుస్తకంలో పేజీల్లాగా పొరలు పొరలుగా ఉంటుంది. నీరు ఆ పొరల మధ్య దూరి వాటిని విడదీస్తుంది. కిరోసిన్ ఆ పని చేయలేదు. స్వచ్ఛమైన స్మెక్టైట్ ఒక్క గ్రాము తీసుకుని దాని పొరలన్నీ విప్పి పరిస్తే 800 చదరపు మీటర్ల దాకా వస్తుంది. అంటే దాదాపు 20 సెంట్ల స్థలం! ప్లాట్ల ధరలు విని విసిగిపోయిన వాళ్ళకు ఈ లెక్క నచ్చుతుందనుకుంటాను.

ఎండాకాలంలో నెర్రెలు విచ్చినప్పుడు పైమట్టి వాటిలో రాలి పడుతుంది. వాన పడగానే అడుగుమట్టి ఉబ్బి, చోటు చాలక పక్కలకూ పైకీ తోసుకొస్తుంది. ఇలా పైది కిందికీ, కిందిది పైకీ పోతూ నేల తనను తానే కలబోసుకుంటుంది. తిరగబడటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే వెర్టిసాల్ అనే పేరు వచ్చింది.

నలుపు చూసి ఇది బాగా సారవంతమైన నేల అనుకోకండి. చాలా నల్లరేగళ్ళలో సేంద్రియ కర్బనం ఒక శాతం కూడా ఉండదు. ఉన్న కొద్దిపాటిదీ బంకమట్టికి గట్టిగా అతుక్కుని ఆ రంగు తెస్తుంది. ఈ నేల అసలు బలం నీటిని పట్టి ఉంచడంలో ఉంది. అక్కడా ఒక మెలిక ఉంది. మొదటి వాన పగుళ్ళలోంచి గబగబా దిగుతుంది. పగుళ్ళు మూసుకున్నాక నీరు పైనే నిలుస్తుంది. పట్టి ఉంచిన నీటిలో కొంత భాగాన్ని మొక్క వేరు కూడా లాక్కోలేదు. తడిగా ఉంటే నాగలికి అంటుకుంటుంది, ఎండితే రాయవుతుంది. ఈ రెంటి మధ్య దొరికే నాలుగు రోజులే అదను.

ఆ అదనును ఇక్కడి రైతులు వాడుకునే తీరు చూడండి. వరి కోతకు రెండు మూడు వారాల ముందు, పొలం ఇంకా తడిగా ఉండగానే, నిలబడి ఉన్న పైరులోనే తివడా గింజలు చల్లుతారు. దీన్ని ఉతేరా అంటారు. దుక్కి లేదు, అదనపు తడి లేదు. కన్హార్, డోర్సా నేలలు దాచుకున్న తేమే ఆ పంటకు ఆధారం. ఇదే పని గట్టు మీది భాటాలో చేస్తే గింజల ఖర్చు కూడా రాదు. ఒకే ఊరు, ఒకే రైతు, రెండు మట్టులు, రెండు ఫలితాలు.

పశువుల మేత సంగతీ అంతే. ఊరి పశువులను మేపే ఒక పెద్దాయనను, వానాకాలంలో మందను గట్టుమీదికే ఎందుకు తోలుతున్నావని అడిగాను. "సాబ్, తడి కన్హార్‌లో ఆవు నడిస్తే ఆవుకీ నష్టం, నేలకీ నష్టం" అన్నాడు. పుస్తకాల్లో ఉన్నదీ అదే. తడిసిన బంకనేలను డెక్కలు తొక్కితే మట్టి అణిగిపోయి గాలి ఆడదు, గడ్డి వేళ్ళు కుళ్ళుతాయి. కాళ్ళు దిగబడి పశువు కుంటిదవుతుంది. భాటాలో గడ్డి పలచన, కానీ కాలు నిలుస్తుంది. కోతలయ్యాక, నేల ఆరాక మంద కిందికి దిగుతుంది. పైర్లున్న కాలంలో పశువులను విడిచిపెట్టకూడదని ఊరంతా కట్టుబడే రోకా-ఛేకా అనే ఆచారం ఇక్కడ ఉంది. ఇది పంటకు కాపలా. తడినేలకు కూడా కాపలాయేనని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రాన మిచెల్ గడ్డి పెరిగే విశాలమైన మేత మైదానాలు ఉన్నాయి. అవీ ఇలాంటి పగుళ్ళ నేలలే. ఎండకు చీలే నేల వేళ్ళను తెంపేస్తుంటే చెట్లు నిలవడం కష్టం, గడ్డి మాత్రం నిలుస్తుంది. ఇలాంటి నేలల్లో ఎగుడుదిగుడుగా ఏర్పడే చిన్న గుంటలను శాస్త్రజ్ఞులు గిల్గై అంటారు. అది అక్కడి ఆదివాసుల మాట. నేల పేర్లు నేల మీద నడిచేవాళ్ళ దగ్గరినుంచే వస్తాయి.

మనకింకా దగ్గరి ఉదాహరణ కావాలంటే పటాన్‌చెరు ఉంది. 1972లో అక్కడ ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రంలో ఎర్రనేలా నల్లనేలా రెండూ ఉన్నాయి. నేలల వర్గీకరణ మన ఖాతా నంబరు లాంటిది. వర్గం, ఉపవర్గం అంటూ ఆరు మెట్లు దిగితే చివర సిరీస్ వస్తుంది. దానికి ఊరి పేరు పెడతారు. ఇక్రిశాట్ నల్లనేల సిరీస్ పేరు కాసిరెడ్డిపల్లి. మన పల్లె పేరు ప్రపంచ నేలశాస్త్ర పత్రికల్లో ఉందంటే కాస్త గర్వపడవచ్చు.

ఇక నా పొరపాటు సంగతి. చాలా ఏళ్ళ కిందట ప్రకాశం జిల్లాలో క్షేత్రాధికారిగా పనిచేస్తున్నాను. ఒకావిడ రెండు గేదెలకూ పాకకూ అప్పు అడిగింది. నేను మే నెలలో తనిఖీకి వెళ్ళాను. నేల గునపం దిగనంత గట్టిగా ఉంది. కాగితం మీద 'నేల గట్టిది, నిర్మాణానికి అనుకూలం' అని రాశాను. ఆవిడ ఇంటి వెనకే, వంద గజాల దూరంలో, ఆవిడదే గులకల ఎర్రనేల ఒక చెక్క ఉంది. దాని గురించి నేను అడగనే లేదు. రెండడుగుల పునాది మీద గోడలు లేచాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ నిలువునా చీలింది, నేల గచ్చు లేచిపోయింది, గేదెలు బురదలో నిలబడ్డాయి. పాల డబ్బు మరమ్మతులకు పోయింది. కిస్తీలు ఆగాయి.

వసూలుకు వెళ్ళినప్పుడు ఆవిడ నన్ను తిట్టలేదు. "బాబూ, రేగడిని ఎండలో చూసి రాసుకున్నావు. వానలో ఒక్కసారి వచ్చి ఉంటే బాగుండేది. నన్నడిగినా చెప్పేదాన్ని" అంది. మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. "అప్పు ఇచ్చే బాబుకు నేనేం చెబుతాను?" అంది.

తర్వాత కిస్తీల గడువు పెంచాం. పాకను ఎర్రనేల మీదికి మార్చుకుంది. అప్పు మొత్తం తీర్చింది. ఆ రెండేళ్ళ పాల డబ్బు మాత్రం ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

అప్పటినుంచి ఏ పొలానికి వెళ్ళినా నా మొదటి ప్రశ్న ఒకటే. ఈ మట్టి పేరేమిటి? మిత్రులారా, 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు చాలా మంచి పత్రం. అందులో 12 పరీక్షల ఫలితాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం నుంచి జింకు, బోరాన్ దాకా అన్నీ చెబుతుంది. కానీ ఆ 12లో బంకమట్టి శాతం లేదు, నేల ఎంత ఉబ్బుతుందో లేదు. పంట రుణమైనా, పశుపోషణకు ఇచ్చే కిసాన్ కార్డు అయినా, ఆ లోటును మనం ఒక్క ప్రశ్నతో పూడ్చుకోవాలి. ఫారంలో 'నల్లనేల' అని రాసి ఊరుకోకుండా కన్హారా, డోర్సానా అని రైతునే అడగండి. అడిగితే చెబుతారు. అడగకపోతే, అప్పు ఇచ్చేవాళ్ళకు ఎదురు చెప్పరు.

ఇది ఇళ్ళ సంగతి కూడా. ఇక్కడ నవా రాయ్‌పూర్ దగ్గర్లోనో, మన ఊళ్ళోనో స్థలం కొనేటప్పుడు రిజిస్ట్రేషను కాగితాలు పదిసార్లు చూస్తాం. ఒక్కసారి ఆ మట్టినీ చూడండి. నల్లనేల అయితే ఇల్లు కట్టకూడదని కాదు. తడి-పొడి మార్పులు అందని లోతుకు పునాది దిగాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులను రూపొందించింది. లోతైన రేగడిలో అవి సుమారు 3.5 మీటర్లయినా దిగాలి. గోడ వారన నీరు నిలవకూడదు, పెద్ద చెట్లు గోడకు మరీ దగ్గరగా ఉండకూడదు. పునాదిలో మిగిల్చిన డబ్బు తర్వాత గోడల మరమ్మతుకు పోతుంది.

పిల్లలకు ఒక పని. గుప్పెడు మట్టి తీసుకుని తడిపి, పెన్సిలంత పురి చేసి, ఉంగరంలా వంచండి. పురే కాకపోతే ఇసుక నేల. వంచగానే విరిగితే మధ్యరకం. విరగకుండా ఉంగరం అయితే బంకనేల. మీ తాతగారి ఊరికి వెళ్ళినప్పుడు ఇది చేసి, ఆ మట్టిని ఆ ఊళ్ళో ఏమంటారో తాతగారినో అమ్మమ్మగారినో అడిగి రాసుకోండి. వాళ్ళకు తెలిసినన్ని పేర్లు మనకు తెలియవు. మనం రాసుకోకపోతే మీకు అసలే తెలియవు.

నాలుగు పళ్ళాలూ ఇక్కడే ఉంటాయి. ముట్టుకుని చూడండి. తర్వాత మాత్రం చేతులు కడుక్కునే భోజనానికి రండి. కన్హార్ అంత తేలిగ్గా వదలదు.