ఫ్లోరెన్సు నగరంలో పూటకూళ్ళు

ఇటలీ దేశంలోని ఫ్లోరెన్సు నగరానికి వెళ్ళేవారు సాధారణంగా చిత్రాలనూ శిల్పాలనూ చూడడానికి వెళ్తారు. మైకెలాంజెలో చెక్కిన దావీదు విగ్రహం, బ్రూనెలెస్కీ ఎత్తించిన, 1436లో పూర్తయిన మహాగుమ్మటం చూచి తీరవలసినవే. వాటిని వర్ణించే గ్రంథాలకు కొదువ లేదు. కాని మధ్యాహ్నం ఒంటిగంట వేళ, కాళ్ళు పీకుతూ, కడుపు నకనకలాడుతూ, చేతిసంచిలో మిగిలిన డబ్బు లెక్క పెట్టుకొంటూ ఆ గుమ్మటం నీడలో నిలుచున్న యాత్రికునికి ఆ గ్రంథాలేవీ అక్కరకు రావు. ఈనాడు మేము చెప్పదలచినది ఆ ఒంటిగంట వేళను గూర్చి.

మొదటిరోజున మేము మోసపోయాము. మోసమనడం న్యాయం కాదేమో. ధరల పట్టిక ఎదుటనే ఉన్నా చదువకుండా కూర్చున్నాము. మాతో మా అక్కగారు వచ్చారు. ఆమె మాంసం, చేప, గ్రుడ్డు ముట్టరు. పెద్ద దేవాలయానికి దగ్గరలో, రంగుబొమ్మలతో అచ్చువేసిన పట్టికను చేతబట్టుకొని ఒక మనిషి వాకిట నిలుచుండి ఎంతో ఆదరంగా ఇంగ్లీషులో పిలిచాడు. ఆకలిమీద ఉన్నవారికి ఆదరం చాలును గదా! టమాటా కలిపిన పాస్తా రెండు పళ్ళేలు, నీళ్ళ సీసాలు, కాఫీలు పుచ్చుకొన్నాము. బిల్లు చూస్తే నీళ్ళకు వేరు, వడ్డనకు వేరు, మనిషికి ఇంత చొప్పున కూర్చున్నందుకు వేరు. అక్కగారు మెల్లగా, “ఏరా తమ్ముడూ, విస్తరి వేసినందుకు కూడా డబ్బు పుచ్చుకొంటారా వీళ్ళు?” అన్నారు. ఆ రాత్రి బసకు చేరిన తరువాత, “మీరు నాకోసం ఖర్చు పడవద్దు. తెచ్చుకొన్న అటుకులు ఉన్నవి, ఈ మూడురోజులూ వాటితో గడుపుకొంటాను” అన్నారు. బిల్లుకంటె ఆ మాట మాకు ఎక్కువ కష్టం కలిగించినది.

విస్తరి రుసుమని ఆమె అన్నమాట సరియైనదే. ఇటాలియనులో దానిని కొపెర్తో అంటారు. బల్లమీద గుడ్డ పరచి, రొట్టె బుట్ట పెట్టి, కత్తీ చెంచా అమర్చినందుకు మనిషికి సుమారు రెండు మూడు యూరోలు. అది పాత ఆచారం. పట్టికలో, తరచుగా అడుగున, చిన్న అక్షరాలతో వ్రాసి ఉంటుంది. వాకిటనే ఆ పంక్తి చదువుకొన్నవారికి తరువాత కోపం రాదు. దీనికి తోడు మరొక సంగతి ఉన్నది. ఆ దేశంలో వెల తినే వస్తువును బట్టియే కాక, తినే భంగిమను బట్టి కూడా మారుతుంది. కాఫీ దుకాణంలో నిలుచుండి తాగితే ఒక యూరోకు కొంచెం పైన. అదే కాఫీ బల్లవద్ద కూర్చుండి తాగితే రెండింతలు, పెద్ద చౌకులలో అంతకు మించి. అందుచేతనే స్థానికులు నిలుచున్నచోటనే రెండు గుక్కలలో ముగించి వెళ్ళిపోతారు. అది తొందర కాదు, లెక్క.

రెండవనాడు గుమ్మటానికి వీపు త్రిప్పి నడిచాము. సాంతా క్రోచే దేవాలయం దాటి తూర్పుగా కొద్దిదూరం పోతే సాంత్ అంబ్రోజో అనే కూరగాయల అంగడి వస్తుంది. 1873లో కట్టిన ఇనుపకప్పు కట్టడమది. మరుసటి ఏడు తెరచిన సాన్ లొరెంజో అంగడి దీనికంటె ఎంతో పెద్దది, పేరుపొందినది. కాని దాని మేడమీది భోజనశాలలు 2014లో ఏర్పడిన తరువాత అక్కడ యాత్రికులే ఎక్కువ. సాంత్ అంబ్రోజోలో మాత్రం సంచులు పట్టుకొన్న ముసలమ్మలు వంకాయలను ఒత్తి చూస్తూ బేరమాడుతూ కనబడ్డారు. అది చూచి మాకు ధైర్యం వచ్చినది. ఊరివారు కూరలు కొనేచోట అన్నం కూడా ఊరివారి ధరకే దొరకాలి గదా. అంగడి లోపలనే ఒక చిన్న పూటకూళ్ళ ఇల్లు ఉన్నది. పనివారు, గుమాస్తాలు పక్కపక్కన ఇరుక్కొని కూర్చుండి తింటున్నారు. పట్టిక చేతివ్రాత. బొమ్మలు లేవు.

అక్కడ అక్కగారికి రిబొల్లీత అనే వంటకం దొరికినది. ఆ మాటకు మళ్ళీ కాచినదని అర్థం. నిన్నటి రొట్టె, తెల్లచిక్కుడు గింజలు, నల్లని ఆకుకూర కలిపి చిక్కగా ఉడికించి, పైన ఆలివు నూనె పోస్తారు. టమాటాతో నిన్నటి రొట్టెను మెత్తగా ఉడికిస్తే పప్ప అల్ పొమొదోరో; వేసవిలో నీళ్ళలో నానవేసి పిండి, ఉల్లి, టమాటా కలిపితే పంజనెల్ల. ఇవన్నీ బీదల ఇండ్లలో రొట్టె పారవేయలేక పుట్టినవి, మన చద్దన్నానికి దాయాదులు. ఫ్లోరెన్సులో చౌకగా దొరికే శాకాహారం ఇదే. రుచికి కూడా దీనిని మించినది మాకు ఆ ఊరిలో తగులలేదు. అయితే కొందరు వంటవారు మాంసపు రసం కలుపుతారు గనుక, “సెంజ కార్నె”, అనగా మాంసం లేకుండా, అని అడిగి నిశ్చయించుకోవాలి. అక్కగారు రెండు చెంచాలు తిని, “ఉప్పు మరచిపోయినారు గాని, చేయి మంచిది” అన్నారు.

నిజానికి మరచిపోలేదు. ఆ ప్రాంతపు రొట్టెలో ఉప్పే వేయరు. ఎందుకన్నదానికి ఉప్పు పన్నులు, పీసావారితో పగలు అంటూ కథలు చాలా చెప్తారు. 1302లో ఈ నగరంనుంచి వెడలగొట్టబడిన దాంతే కవి తన ప్రవాస దుఃఖాన్ని చెప్పేటప్పుడు పరాయివారి రొట్టెలోని ఉప్పును తలచుకొన్నాడు. ఉప్పులేని రొట్టె తిని పెరిగినవానికే ఆ బాధ తెలుస్తుంది.

బండ్లమీద అమ్మే లాంప్రెదొత్తో అందరికంటె చౌక. కాని అది ఆవు నాల్గవ కడుపును ఉడికించి రొట్టెలో పెట్టి ఇచ్చేది. మనవారిలో చాలామందికి పనికిరాదు గనుక ఆ పేరు ముందే తెలిసి ఉండడం మంచిది. స్కియాచ్చాత అనే నూనె రొట్టెలో జున్ను, వంకాయ పెట్టించుకొంటే చేతిలో పట్టుకొని తినవచ్చును. ఎక్కడ తినాలన్నది వేరే ప్రశ్న. 2018 సెప్టెంబరులో నగరపాలకులు ఉఫ్ఫీజీ చిత్రశాల పరిసరాలలోని నాలుగు వీధులలో భోజనవేళల కాలిబాటలమీద, గడపలమీద చేరి తినరాదని కొద్ది నెలలపాటు ఉత్తర్వు పెట్టారు. జరిమానా 150 నుంచి 500 యూరోల వరకు! దేవాలయపు మెట్లమీద పొట్లం విప్పడం ఎప్పుడూ మర్యాద కాదు, తోటలలో బల్లలున్నవి. నీళ్ళు కొననక్కరలేదు. సిన్యోరియా చౌకులో పాత రాజభవనం ప్రక్కనే మంచినీటి కొళాయి ఉన్నది. సీసా పట్టితే చాలును.

వేళలు కూడా చూచుకోవాలి. పన్నెండున్నర మొదలు రెండున్నర వరకే వంటిల్లు నడుస్తుంది. మళ్ళీ రాత్రి ఏడున్నరకు గాని పొయ్యి వెలగదు. నాలుగు గంటలకు ఆకలి వేసినవాడు గుమ్మటం దగ్గర పిలిచేవాని పాలబడతాడు.

చివరి రెండు రాత్రులు ఆర్నో నది దాటి, సాంతో స్పిరితో వైపు, వడ్రంగుల దుకాణాల మధ్యనున్న చిన్న ఇండ్లలో తిన్నాము. దారిలో పాత భవనాల గోడలలో, చేయి దూరేటంత చిన్న గూళ్ళవంటి కిటికీలు కనబడినవి. 16వ శతాబ్దంనుంచి ధనిక కుటుంబాలు తమ ద్రాక్షతోటల మద్యాన్ని దళారీ లేకుండా వీధిలోనివారికి అమ్మినది వీటిగుండానే. 1630 ప్రాంతపు ప్లేగులో మనిషిని మనిషి తాకకుండా అమ్మడానికి పనికి వచ్చినవి. 2020లో కరోనా వచ్చినప్పుడు కొన్ని మళ్ళీ తెరచుకొన్నవి. ఊరంతటా నూటయాభైకి పైగా ఉన్నవట. అక్కగారు వాటిని దేవుని గూళ్ళనుకొని మొదట నమస్కారం పెట్టారు.

ఆ రాత్రి పూటకూళ్ళ యజమానురాలు రొట్టె బుట్ట పెట్టగానే అక్కగారు సంచిలోనుంచి ఆవకాయ సీసా తీశారు. మాకు సిగ్గువేసినది. ఆ యమ్మ వంగి వాసన చూచి, ఒక రొట్టెముక్క త్రుంచి తానూ అద్దుకొన్నది. కన్నీళ్ళు తుడుచుకొని, ఇంకొక ముక్క తీసుకొన్నది.