అరవై మూడేళ్లకు సముద్రంలో తొలి మునక
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కలిసినప్పుడల్లా 1982 నాటి నకారా తీర్పును తలుచుకోవడం, కరువుభత్యం లెక్కలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీరు సముద్రంలో మునిగొచ్చారట గదా, ఆ కథ చెప్పండి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. క్యారేజి అండ్ వ్యాగన్ విభాగంలో 36 ఏళ్లు బండ్ల కింద దూరి బ్రేకులు చూసుకున్నవాణ్ణి. వ్యాక్యూమ్ బ్రేకుల కాలంలో చేరి, ఎయిర్ బ్రేకుల కాలంలో 2016లో రిటైరయ్యాను. తప్పులుంటే మన్నించండి.

ముందుగా ఒక మాట. నాకు ఈత రాదు. పుట్టింది కోనసీమలో, ఇంటి ముందే కాలువ. నా తొమ్మిదో ఏట పక్కింటి కుర్రవాడు, నా ఈడువాడే, ఆ కాలువలో పోయాడు. ఆ రోజు నుంచి మా అమ్మ నన్ను కాలువ గట్టు ఎక్కనివ్వలేదు. తరవాత ఎక్కాలన్న బుద్ధి నాకూ పుట్టలేదు. పుష్కరాలకు వెళ్లినా చెంబుతో నెత్తిన పోసుకుని వచ్చేవాణ్ణి.

2019 జనవరిలో మా అల్లుడి ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. మా ఆవిడా నేనూ చెన్నై నుంచి విమానంలో వెళ్లాం. ఊళ్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు చాలామంది ఉన్నారు, భాషకు ఇబ్బంది లేదు. అక్కడి నుంచి ఓడలో హేవ్‌లాక్ దీవికి తీసుకెళ్లారు. దానికీ అంతకు కొద్ది రోజుల ముందే, 2018 డిసెంబరు 30న, స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడ వీపుకు గాలి సిలిండరు కట్టి, మనిషిని వెంట ఇచ్చి, పగడాల దిబ్బ చూపించి తీసుకొస్తారు. ఈత రాకపోయినా ఫరవాలేదు, మొదటిసారి వాళ్లను 12 మీటర్లకు మించి దింపరు అన్నారు. మా మనవరాలు "తాతయ్యకు భయం" అంది. అంతే, నాకు రోషం వచ్చింది.

వాళ్లు ఒక ఫారం ఇచ్చారు. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, చెవి ఆపరేషను అయిందా, రక్తపోటు ఉందా అని వరసగా ప్రశ్నలు. నేను అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టాను. మా ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఫారం చదివి, చేతిసంచిలోంచి నా బి.పి. మాత్రల అట్ట తీసి ఆ బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు. పదిమందిలో నా ముఖం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. డాక్టరు సర్టిఫికెట్ లేనిదే దింపం అన్నారు వాళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో డాక్టరుకు చూపిస్తే 160/100 ఉంది. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అన్నాడాయన. నేను బండ్లకు అబద్ధపు రిపోర్టు ఏనాడూ రాయలేదు గాని నా ఒంటికి రాశాను. తలనొప్పి వచ్చినప్పుడే వేసుకునేవాణ్ణి.

ఆయన చెప్పింది మీకూ పనికొస్తుంది. మనిషి నీళ్లలో మునిగితే కాళ్లలో చేతుల్లో ఉండే రక్తం ఛాతీ వైపు తోసుకొస్తుంది, గుండె మీద భారం పెరుగుతుంది. రక్తపోటు అదుపులో లేనివాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. అది ఒడ్డున కాదు, నీళ్ల కిందే జరుగుతుంది. ఆ మాట వినేసరికి దారిలో మా ఆవిడ మీద పడ్డ కోపమంతా దిగిపోయింది.

తిరిగొచ్చి ఏడాదిపాటు మాత్ర తప్పలేదు. ఆవకాయ తగ్గింది, అది మాత్రం నిజంగా కష్టం. పొద్దున్నే నడక. ఇ.సి.జి., ట్రెడ్‌మిల్ పరీక్ష అన్నీ అయి, సర్టిఫికెట్ చేతపట్టుకుని 2020 ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. ఇంకో నెల ఆలస్యమైతే లాక్‌డౌన్ వచ్చి పడేది.

నన్ను దింపింది ఒక కరెన్ కుర్రవాడు. వాళ్ల పెద్దలు 1925లో బర్మా నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడ్డారు. అతని హిందీ, నా హిందీ రెండూ అంతంత మాత్రమే గాబట్టి బాగా కుదిరింది. ఛాతీలోతు నీళ్లలో నిలబెట్టి సైగలు నేర్పాడు. బొటనవేలు పైకెత్తితే మనం "భేష్" అనుకుంటాం గదా, నీళ్ల కింద దానికి "పైకి పోదాం" అని అర్థం. నేను రెండుసార్లు ఉత్సాహంగా ఎత్తి చూపిస్తే రెండుసార్లూ పైకి లాక్కొచ్చాడు.

మొదటి రోజు నిజానికి అంతకుమించి జరగలేదు. తల ముంచగానే కాలువ గుర్తొచ్చింది. నోట్లో గొట్టం ఉంది, గాలి వస్తూనే ఉంది, అయినా ఊపిరి ఆడలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి ఒడ్డెక్కాను. మా ఆవిడ తువ్వాలు ఇచ్చి "రేపు చూద్దాంలెండి" అంది. ఎగతాళి చేసి ఉంటే రెండో రోజు వెళ్లేవాణ్ణి కాదు.

ఆ సాయంత్రం ఆ కుర్రవాణ్ణి పట్టుకుని సామానంతా విప్పించి చూశాను. అక్కడ నాకు ధైర్యం వచ్చింది. సిలిండరులో గాలి 200 బార్ పీడనంలో ఉంటుంది. మన బ్రేక్ పైపులో ఉండేది 5 కిలోలు. నలభై రెట్లన్నమాట! సిలిండరు మెడ దగ్గర ఒక వాల్వు దాన్ని పది బార్ దరిదాపులకు దించుతుంది. నోటి దగ్గర ఇంకో వాల్వు. అందులో ఒక రబ్బరు డయాఫ్రమ్. నేను పీలిస్తే అది లోపలికి వంగి గాలి వదులుతుంది, ఆపితే మూసుకుంటుంది. అవతలి నీటి పీడనం ఎంతో గాలీ అంతే పీడనంలో ఇస్తుంది. పీడనంలో తేడా చూసి పనిచేసే మన డిస్ట్రిబ్యూటర్ వాల్వుకు ఇది దూరపు చుట్టమే. దీన్ని 1943లో ఫ్రాన్సులో కూస్టో అనే నౌకాదళం ఆయన, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి తయారుచేశారు. యుద్ధంలో పెట్రోలు దొరకక కార్లను గ్యాసుతో నడపడానికి గాన్యాన్ చేసిన వాల్వే దీనికి మూలం. కారు వాల్వు అని తెలిశాక నాకు అది మనవాళ్ల సరుకులా కనిపించింది.

మర్నాడు పొద్దున దిగాను. పది మీటర్లు దిగితే ఇంకో వాతావరణం బరువు మీద పడుతుంది, అందుకే ముందు చెవులు నొక్కుకుంటాయి. ముక్కు పట్టుకుని మెల్లగా ఊదితే "టక్" మని విడతాయి. ఊపిరి బిగపట్టకూడదు, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు. పది మీటర్ల దగ్గర నిండిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది, బిగపడితే ఊపిరితిత్తి చిరుగుతుంది. నేను కళ్లు గేజి మీదే పెట్టాను. 200, 190, 180. అలవాటైన ముల్లు అది. కాసేపటికి గేజి చూడటం మరిచిపోయాను.

ఎనిమిది మీటర్ల లోతు. జింక కొమ్ముల్లా కొన్ని, మెదడు మడతల్లా కొన్ని. పగడం రాయి కాదు, చెట్టూ కాదు. వేలాది చిన్న చిన్న ప్రాణులు కట్టుకున్న సున్నపు ఇల్లు. గుమ్మటంలా ఉండే రకం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒకటి నా నడుమెత్తు ఉంది. లెక్క వేసుకోండి, మా నాన్నగారికంటే పెద్దది. చెయ్యి చాపబోతే కుర్రవాడు నా మణికట్టు పట్టేశాడు. ముట్టుకుంటే ఆ ప్రాణులు చచ్చిపోతాయట. చిలకముక్కు చేప ఒకటి పగడాన్ని కొరుకుతుంటే కరకర చప్పుడు నాకు వినిపించింది. అది తిన్నది ఇసుకై బయటికొస్తుంది. తెల్లటి బీచిల్లో ఇసుక చాలావరకు అలా వచ్చిందే. నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న చేప తన మెత్తటి పొదలోంచి బయటికొచ్చి నన్ను బెదిరించింది. వేలెడంత లేదు!

ఇంకాస్త ముందుకు వెళితే బూడిదరంగు ముక్కల మైదానం. పైకొచ్చాక అడిగాను. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు పోయిన పగడాలు అన్నాడు. వాటికి రంగునూ తిండినీ ఇచ్చేది లోపల కాపురముండే నాచు. మామూలుకంటే ఒక్క డిగ్రీ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, ఆ నాచు వెళ్లిపోతుంది, పగడం పాలిపోయి ఆకలితో చస్తుంది. 2023 జనవరి నుంచి 2025 మార్చి దాకా ప్రపంచంలోని పగడాల దిబ్బల్లో సుమారు 84 శాతానికి అంతటి వేడి తగిలిందని ఆ తరవాత చదివాను. నేను చూసిన నడుమెత్తు గుమ్మటం ఎలా ఉందో అడుగుదామని ఆ కుర్రవాడికి ఫోను చేశాను గాని నంబరు మారిపోయింది.

నీళ్లలో ఉన్నది ముప్పావు గంటలోపే. ఒడ్డున మా ఆవిడ నిలబడే ఉంది. ఆ సేపంతా నీటి మీదికొచ్చే బుడగలు చూస్తూ ఉందట. "బుడగలు ఆగితే ఏం చేసేదానివి?" అన్నాను. "నైట్ డ్యూటీ నుంచి మీరు రాకపోతే ఏం చేసేదాన్నో అదే" అంది. అదేమిటో నేను అడగలేదు. తన ఉంగరం చూపించి "లోపల ఇలాంటి ఎర్రవి ఉన్నాయా?" అంది. ఉంగరాల్లో పెట్టే ఎర్ర పగడం జాతి వేరు, పేరుపొందింది మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది. అదీగాక నీళ్లలో లోతుకు పోయేకొద్దీ ఎరుపే ముందు మాయమవుతుంది. ఇక్కడి పగడం ముక్క ఒక్కటి తెచ్చినా నేరమే, 1972 వన్యప్రాణి చట్టం కింద. కాబట్టి చేతులూపుకుంటూ వచ్చాను.

మునిగిన రోజు విమానం ఎక్కకూడదు. ఒక్క మునకకు కనీసం 12 గంటలు ఆగాలి. మేము రెండు రోజులు ఆగాం.

ఆ ఫారంలోని ప్రశ్నలు తెలుగులో రాసి పది కాపీలు తెచ్చాను, టీ తాగేటప్పుడు తీసుకోండి. మాత్రలు మానేసినవాళ్లు మాత్రం రెండో వరసలో కూర్చున్న మా ఆవిడతో మాట్లాడండి. చేతిసంచి తెచ్చుకుంది.