జాకబ్ వజ్రం: గాజు నమూనా, అసలు రాయి, రెండు నవలలు

1891లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కూ సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్‌కూ మధ్య ఒక వజ్రం బేరం చెడి, కలకత్తా హైకోర్టుకెక్కింది. అప్పట్లో ఆ వజ్రాన్ని ఇంపీరియల్ అనీ, విక్టోరియా అనీ పిలిచేవారు. కేసు ముగిశాక అది జాకబ్ వజ్రమైంది. బేరంలో మధ్యవర్తిగా నిలిచిన ఆల్బర్ట్ ఆబిడ్ పేరు హైదరాబాదులో ఒక పేటకు స్థిరపడింది. బేగం బజారు నుంచి ఆ పేటకు నడిచి వెళ్ళవచ్చు.

ఆ రాయి గోల్కొండది కాదు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనులు అంతకు చాలాకాలం ముందే అడుగంటాయి. 1867 తర్వాత దక్షిణాఫ్రికాలో వజ్రాలు బయటపడడంతో లోకం చూపంతా అటు మళ్ళింది. 450 క్యారెట్లకు పైగా తూగిన ఈ ముడిరాయి అక్కడిదే. 1884 ప్రాంతంలో లండన్ చేరింది. 1887లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్ రాణి సమక్షంలో దాన్ని కొయ్యడం మొదలుపెట్టారు. సానపట్టడం పూర్తయ్యేసరికి సగానికి పైగా తరిగిపోయి దాదాపు 185 క్యారెట్లు, అంటే సుమారు 37 గ్రాములు మిగిలింది. పొడవు దాదాపు నాలుగు సెంటీమీటర్లు, వెడల్పు మూడు. ఇప్పటి కోహినూరు బరువు 105 క్యారెట్ల పైచిలుకు మాత్రమే. అంత పెద్ద రాయిని కొనగల స్తోమత ఉన్నవాళ్ళు ప్రపంచంలో కొద్దిమందే. కోహినూరు పుట్టిన గోల్కొండను ఏలే ప్రభువుకు ఆఫ్రికా వజ్రాన్ని అమ్మజూపడం చిత్రమే. వ్యాపారికి మాత్రం ఆ చిత్రంతో పనిలేదు.

జాకబ్ టర్కీ సామ్రాజ్యంలో పుట్టి, కుర్రతనంలోనే బొంబాయిలో దిగాడు. సిమ్లాలో నగలు, పురాతన వస్తువులు అమ్మే దుకాణం పెట్టి వైస్రాయి కొలువులోని దొరలకూ, సంస్థానాధీశులకూ దగ్గరయ్యాడు. ఇంద్రజాలం తెలుసన్నారు, గూఢచారి అన్నారు. ఆ మాటలను అతను పెద్దగా ఖండించలేదు. అవీ అతని సరుకులో భాగమే. అమెరికన్ రచయిత ఫ్రాన్సిస్ మారియన్ క్రాఫర్డ్ అతన్ని సిమ్లాలో కలిసి, 1882లో ‘మిస్టర్ ఐజాక్స్’ అనే నవల రాశాడు. కథానాయకుడు జాకబే. అంటే నిజాం ఎదుటికి వజ్రం రావడానికి తొమ్మిదేళ్ళ ముందే జాకబ్ ఒక నవలలో పాత్ర.

ఆబిడ్ ఆర్మీనియన్. నిజాం దుస్తులు, చెప్పులు, గడియారాలు అతని అజమాయిషీలో ఉండేవి. మహబూబ్ అలీ ఖాన్ వేసుకున్న బట్ట మళ్ళీ వేసుకునేవాడు కాదని చెప్పుకుంటారు. పురానీ హవేలీలో రెండు అంతస్తుల పొడుగున సాగే ఆయన దుస్తుల బీరువాను ఇప్పటికీ చూడవచ్చు. విడిచిన బట్టలను ఆబిడ్ కొన్నాళ్ళు దాచి, కొత్తవని తిరిగి నిజాంకే అమ్మేవాడని నగరంలో ఒక కథ ఉంది. నిజమో అబద్ధమో గానీ, ప్రభువు కంటికి ఏది ఎప్పుడు ఆనాలో నిర్ణయించే స్థానం ఆ మనిషిదని ఆ కథ సరిగ్గానే పట్టుకుంది. పేరున్న జాగీర్దార్లు సైతం అతన్ని దాటి వెళ్ళలేకపోయేవారు. అలాంటి మనిషి ద్వారానే జాకబ్ నిజాం దాకా వెళ్ళాడు.

ఆనాటి హైదరాబాదు పరిస్థితి తెలియకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. మూడేళ్ళ కిందటే, 1888లో, హైదరాబాద్ దక్కన్ మైనింగ్ కంపెనీ వ్యవహారం లండన్‌లో రచ్చకెక్కింది. సంస్థానంలోని గనుల హక్కులను ముందుపెట్టి వాటాలు అమ్ముకున్న ఆ ఉదంతంలో నిజాం అధికారి సర్దార్ దిలేర్ జంగ్ అబ్దుల్ హఖ్ బాగా వెనకేసుకున్నాడు. బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ విచారణ జరిపింది. ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి ఉండే కోఠీ రెసిడెన్సీ నిజాం ఖజానా మీద కన్నేసి ఉంచింది. విదేశాల నుంచి వచ్చే ఏ పెద్ద బేరమైనా అక్కడ అనుమానానికి తావిచ్చేది.

వజ్రం లండన్‌లో ఉంది. జాకబ్ వెంట తెచ్చింది దాని గాజు నమూనా. అంతే పరిమాణం, అంతే ఆకారం. బేరం నడిచింది దాని మీదే. ఖరీదు 46 లక్షల రూపాయలు. అసలు ధరకు అది రెట్టింపుకు పైమాటే. నిజాం సగం, అంటే 23 లక్షలు, ముందుగా కట్టాడు. ఆ సొమ్ముతో జాకబ్ లండన్ వ్యాపారులకు చెల్లించి రాయిని తెప్పించాడు.

డిటెక్టివ్ నవల అయితే ఇక్కడ గాజు రాయి అసలు రాయి స్థానంలోకి జారుకుంటుంది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ వచ్చి పట్టుకుంటాడు. ఈ కేసులో అలాంటిదేమీ జరగలేదు. నకిలీని నకిలీ అనే చూపించారు. తర్వాత వచ్చింది అసలుదే. మోసం, ఉంటే గింటే, రాతిలో లేదు. మాటలో ఉంది.

రెసిడెంటు సర్ డెనిస్ ఫిట్జ్‌పాట్రిక్‌కు ఈ కొనుగోలు రుచించలేదు. జూలైలో వజ్రం హైదరాబాదు చేరింది. నిజాం చూసి నచ్చలేదన్నాడు, కట్టిన 23 లక్షలూ తిరిగి ఇమ్మన్నాడు. జాకబ్ దగ్గర ఆ సొమ్ము లేదు. అది లండన్ చేరిపోయింది. కట్టిన డబ్బు అమానతా, బయానానా అన్నది తగవు. నచ్చితేనే బేరమన్న షరతు మీద అప్పగించిన అమానతు అయితే, దాన్ని వాడుకోవడం నమ్మకద్రోహం. బయానా అయితే ధరలో భాగం. కొనేవాడు వెనక్కి తగ్గితే అమ్మినవాడికి నేరం అంటదు. బేగం బజారు షావుకార్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. బయానా ఇచ్చి సరుకు వద్దంటే బయానా మీద ఆశ వదులుకోవాలన్నది బజారు రివాజు. అంత మొత్తానికి స్పష్టమైన పత్రం లేకపోవడమే అసలు చిక్కు. రాజుతో బేరంలో పత్రం అడగడం మర్యాద కాదు, అడగకపోవడం క్షేమం కాదు.

నేరారోపణ మీద జాకబ్‌ను కలకత్తా హైకోర్టులో విచారించారు. ఒక ప్రభువు బ్రిటిష్ కోర్టు బోనెక్కడం పరువు తక్కువ కాబట్టి, నిజాం సాక్ష్యాన్ని కమిషన్ ద్వారా హైదరాబాదులోనే తీసుకున్నారు. అదైనా చిన్న విషయం కాదు. ప్లీడరు ప్రశ్న అడగడం, నిజాం జవాబివ్వడం నగరం అంతకుముందు ఎరగదు. జ్యూరీ జాకబ్‌ను నిర్దోషిగా తేల్చింది. తర్వాత కుదిరిన రాజీలో వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. మిగతా సగం ధర జాకబ్‌కు దక్కలేదు. గెలిచినవాడు ప్లీడర్ల ఖర్చుతో, పోయిన పరపతితో చితికిపోయాడు. నిజాంతో కోర్టులో తలపడిన వ్యాపారి దగ్గర కొనడానికి సంస్థానాధీశులు వెనుకంజ వేశారు. 1921లో అతను బొంబాయిలో చనిపోయాడు.

ఈలోగా నవలలో రెండో జన్మ ఎత్తాడు. రడ్యార్డ్ కిప్లింగ్ 1901లో అచ్చువేసిన ‘కిమ్’లో లర్గన్ సాహెబ్ సిమ్లాలో నగల దుకాణం నడుపుతాడు, మెరుపు తగ్గిన ముత్యాలకు వైద్యం చేస్తాడు, పళ్ళెంలో పోసిన రత్నాలు చూపించి కుర్రవాడికి గూఢచారి చదువు నేర్పుతాడు. ఆ పాత్రకు మూలం జాకబే. రెండు నవలల్లోనూ అతను మాయల మరాఠీ. అప్పులూ, బ్యాంకులూ, రెసిడెంటు కోపమూ అక్కడ కనిపించవు. ఆబిడ్ ఊసే లేదు. జాన్ జుబ్రిజికీ అనే ఆస్ట్రేలియన్ పాత్రికేయుడు 2012లో జాకబ్ జీవితం మీద పుస్తకం రాశాక గానీ ఆ లెక్కలు సామాన్య పాఠకుడికి ఒకచోట దొరకలేదు. నవలల్లోని జాకబ్ కన్నా ఆ లెక్కల్లోని జాకబ్ ఆసక్తికరమైన మనిషి.

ఇంత రగడ రేపిన రాయిని మహబూబ్ అలీ ఖాన్ ఎన్నడూ మెచ్చలేదు. 1911లో ఆయన చనిపోయాక, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది తండ్రి చెప్పు ముందు భాగంలో దొరికిందనీ, కాగితాల మీద బరువుగా పెట్టుకునేవాడనీ ప్రతీతి. 1951లో ఆయన నగల కోసం ట్రస్టు ఏర్పరిచాడు. వారసులు అమ్మకానికి పూనుకోవడంతో వ్యాజ్యాలు ఏళ్ళ తరబడి సాగి, 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. జాకబ్ వజ్రం వాటిలో ఒకటి. 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో చూపించారు. మామూలు రోజుల్లో అవి రిజర్వు బ్యాంకు భద్రతలో ఉంటాయి. వాటిని హైదరాబాదులోనే శాశ్వతంగా ఉంచాలని నగరవాసులు అడుగుతూనే ఉన్నారు.