చెయ్యి ఆగినా ఆగని పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



తెలుగు మాస్టారుగా ముప్పై ఏళ్లు పనిచేశాను కాబట్టి గురువు గురించి మాట్లాడమన్నారు. నేనెన్నడూ చూడని ఒక గురువు గురించి చెబుతాను. ఆయన పేరు లియాన్ ఫ్లైషర్. అమెరికాకు చెందిన పియానో విద్వాంసుడు.

1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. నాలుగేళ్లకే పియానో ముందు కూర్చున్నారు. తొమ్మిదేళ్లకు ఆర్తుర్ ష్నాబెల్ దగ్గర శిష్యుడిగా చేరారు. ష్నాబెల్ గురువు లెషెటిట్స్కీ, ఆయన గురువు చెర్నీ, చెర్నీకి నేర్పినవాడు సాక్షాత్తు బీథోవెన్. మనవాళ్లు త్యాగరాజస్వామి శిష్యపరంపర చెప్పుకున్నట్టే వాళ్లూ చెప్పుకుంటారు. ఫ్లైషర్ పదహారో ఏట న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వాయించారు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచారు. ఆ పోటీ గెలిచిన మొదటి అమెరికన్ ఆయనే.

1964 వచ్చింది. వయసు ముప్పై ఆరు. కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు వాటంతటవే లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. దాన్ని ఇప్పుడు ఫోకల్ డిస్టోనియా అంటున్నారు. వేలికి దెబ్బ తగలదు, మెదడు నుంచి వేలికి వచ్చే ఆజ్ఞే తారుమారవుతుంది. ఎందరు వైద్యులకు చూపించుకున్నా నయం కాలేదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా వచ్చిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

అప్పటికే బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో 1959 నుంచి పాఠాలు చెబుతున్నారు. అంతవరకూ శిష్యుడు తడబడితే పక్కకు జరగమని తానే వాయించి చూపించేవారు. ఇక అది కుదరదు. ఆ స్వరం ఎలా పలకాలో, ఎందుకలా పలకాలో మాటల్లో చెప్పాల్సి వచ్చింది. శిష్యుడు అనుకరించడానికి ఎదురుగా గురువు చెయ్యి లేదు. తానే వెతుక్కోవాలి.

ఇది చదివినప్పుడు నా సంగతి గుర్తొచ్చింది. పద్యం రాగం తీసి చదవడం నాకు గర్వం. నలభై ఎనిమిదో ఏట గొంతు పోయింది. స్వరపేటిక మీద కాయలు, గట్టిగా మాట్లాడొద్దన్నారు డాక్టరు. ఇక నేను మాస్టారునేనా అని కుమిలిపోయాను. వేరే దారి లేక పిల్లల చేతే చదివించాను. ఒకమ్మాయి ద్రౌపది పద్యంలో నేనెప్పుడూ ఆగనిచోట ఆగింది. ఎందుకమ్మా అని పలక మీద రాసి అడిగాను. "అక్కడ ఆమె ఆలోచిస్తోంది కదా మాస్టారూ" అంది. ఇరవై ఏళ్లుగా పిల్లలందరూ నా గొంతుతోనే చదివారు. వాళ్ల గొంతు ఆ రోజే విన్నాను.

ఫ్లైషర్ ఎడమచేతి కోసం రాసిన సంగీతం పట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పాల్ విట్గెన్‌స్టైన్ కోసం రావెల్ కూర్చిన కన్చెర్టో అందులో ముఖ్యమైనది. ఆర్కెస్ట్రాలకు సారథ్యం కూడా వహించారు. ముప్పై ఏళ్ల తర్వాత బొటాక్స్ సూదులతో, కండరాల మర్దనతో వేళ్లు కొంత వదులయ్యాయి. జబ్బు పూర్తిగా పోలేదు, అయినా 2004లో "టూ హ్యాండ్స్" పేరుతో రెండు చేతులా వాయించిన రికార్డు వెలువడింది. ఆంద్రే వాట్స్, యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్, జొనాథన్ బిస్ వంటివారు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 2020 ఆగస్టు 2న, తొంభై రెండో ఏట, ఆ బాల్టిమోర్‌లోనే కన్నుమూశారు.

చెయ్యి పోవడం వరమని నేననను. ఆయనా అనుకుని ఉండరు. పోయినదాని చోట ఏం మిగిలిందో వెతికారు, అంతే.

మిత్రులారా, ముందు వరుసలో ఉన్న మన గురువుల్లో ఒకరికి చూపు మందగించింది, ఒకరికి చెయ్యి వణుకుతోంది. భోజనాలకు లేచేముందు వారి దగ్గరికి వెళ్లండి. దండం పెట్టి ఊరుకోకండి. వారు చెప్పిన ఏ పాఠం మీలో ఇంకా మిగిలి ఉందో, ఆ ఒక్కటీ చెప్పండి. వారికి అది తెలియాలి.

సెలవు.